ఒక వరి వంగడము చెప్పు సహకార పాఠము
(రైతు శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగము)



నాట్లవేళ ఒకరి చేనికి మరియొకరు వెళ్లుట, కాలువ పూడిక తీయుటకు ఊరంతయు కదలుట మీకు క్రొత్త గాదు. అయితే వేర్వేరు సంస్థలవారు, వేర్వేరు శాస్త్రములు చదివినవారు ఒక పనికై కలియుట ఎట్లు? ఈ ప్రశ్నను మేము మీ పొలములోని పంటతోనే విచారింపదలచితిమి.

బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరిని, అనగా బి.పి.టి. 5204ను, మీరెల్లరు ఎరుగుదురు. గింజ సన్నము, అన్నము రుచికరము, బజారులో మంచి ధర. కాని బాక్టీరియా ఎండాకు తెగులునకు అది లొంగిపోవును. ఆకు కొన నుండి అంచుల వెంబడి పసుపెక్కి ఎండును. గింజ పాలుపోసుకొను వేళ పచ్చని ఆకు లేకున్న మిగులునది తాలే. మందులతో ఈ తెగులును అదుపు చేయుట కష్టము. మొక్కకే నిరోధక శక్తి కలుగవలెను.

హైదరాబాదులోని రెండు సంస్థలు ఈ పనికి పూనుకొనెను. రాజేంద్రనగరమందలి వరి పరిశోధన డైరెక్టరేటు వ్యవసాయ పరిశోధన మండలికి చెందినది. నేడది భారత వరి పరిశోధన సంస్థ. రెండవదగు సి.సి.ఎం.బి. జీవకణములను పరిశోధించు సంస్థ. అది శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి చెందినది. యజమానులు వేరు, విద్యలు వేరు.

నిరోధక శక్తి నిచ్చు మూడు జన్యువులు వేరొక వరి రకమున ఉండెను. దానిని సాంబ మసూరితో కలిపి, పుట్టిన మొక్కను మరల సాంబ మసూరితోనే నాలుగు తరములు సంకరపరచిరి. పాత గింజ గుణము తిరిగి వచ్చుటకు ఇదియే మార్గము. చిక్కు ఇక్కడనే కలదు. ఆ మూడింటిలో రెండు జన్యువులు తల్లిదండ్రులలో ఒకరి నుండి మాత్రమే సంక్రమించినచో తమ ప్రభావమును చూపవు. పొలమున ఆకు చూచి మొక్కను ఎంచువానికి అవి కానరావు. జన్యువుల చెంతనుండు గుర్తులను ప్రయోగశాలలో చదువువారు వానిని పట్టగలరు. కాని దిగుబడి ఎంతయో, పంట ఎట్లు నిలుచునో ప్రయోగశాల చెప్పజాలదు; పొలమే చెప్పవలెను.

ఒకరికి కానరానిది మరియొకరికి కనబడెను. ఆ సహకారమునకు బలము అదియే. అఖిల భారత వరి పరీక్షలలో నెగ్గి, 2008లో ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’ విడుదలయ్యెను.

కావున ఎచ్చట నాలుగు శాఖలు కలిసినవని విన్నను, మేము మొదట అడుగునది ఇది: ఒక్కరుగా చేయలేని పని ఏది? దానికి జవాబు లేనిచో ఆ కలయిక సమావేశములతోనే ముగియును. తరువాత అడుగునది: ఫలితమును పరీక్షించునది ఎవరు? పరీక్షను అందరును ముందుగా అంగీకరించిననే తుదకు తగవులు రావు.

ఈ కూటమిలో ఇంకొకరు కలరు, వారు మీరే. ఈ వంగడము ఎండాకు తెగులును తట్టుకొనును గాని అగ్గితెగులును, సుడిదోమను తట్టుకొనదు. తెగులు క్రిమియు కాలక్రమమున మారగలదు. ఆ మార్పు మొదట కనబడునది మీ మడిలోనే. ఆకుపై క్రొత్త మచ్చ చూచిన నాడు తేదీ వ్రాసి, ఆ ఆకుతో వ్యవసాయాధికారిని కలియుడు. మీరు చెప్పనిదే శాస్త్రజ్ఞునికి తెలియదు. ఆయన విననిదే మీ చేను నిలువదు.