మాక్బెత్ విన్న ప్రవచనము
(శతవార్షికోత్సవ కూటములలో చేసిన ప్రసంగము)



దేవాలయములో నాటకము ఊసేమిటని కొందరికి తోచవచ్చును. షేక్స్పియరు 1606 ప్రాంతమున వ్రాసిన ‘మాక్బెత్’ను మనలో అనేకులు కాలేజీలో పరీక్ష కోసము చదివినవారే. దానిని బైబిలు ప్రక్కన పెట్టుకొని మరొకసారి చదువుడని నా మనవి.

స్కాట్లాండు సేనాని మాక్బెత్ యుద్ధము గెలిచి వస్తుండగా ముగ్గురు మంత్రగత్తెలు ఎదురై, నీవు కాడర్ ప్రభువవు అవుతావు, తరువాత రాజవు అవుతావు అన్నారు. మొదటిది అప్పటికప్పుడే నెరవేరింది. అక్కడే ఉన్నది ప్రమాదమంతా. చిన్న మాట నిజమైతే పెద్ద మాటకు మనస్సు తలుపు తీస్తుంది. కాని వారు రాజవు అవుతావన్నారే గాని, రాజును చంపుమని అనలేదు. ఆ మాట మాక్బెత్ తానే కలుపుకొన్నాడు. భార్య దానికి ధైర్యము నూరిపోసింది.

రాజుల రెండవ గ్రంథము 8వ అధ్యాయములో హజాయేలు ఉన్నాడు. సిరియాకు రాజవు అవుతావని ఎలీషా ప్రవక్త చెప్పాడు. మరునాడే అతడు ముతకబట్ట నీటిలో ముంచి, జబ్బుతో పడియున్న యజమానుని ముఖముమీద పరచి చంపాడు. చెప్పినది నిజమైన ప్రవక్తయే; అయినను చేయి హజాయేలుదే.

దావీదు సంగతి చూడండి. అతనికి అభిషేకమే జరిగినది. సౌలు పాళెములో నిద్రపోతున్నాడు, ఈటె తలదగ్గరనే ఉన్నది, ఒక్క పోటు చాలునని అబీషై అంటున్నాడు. దావీదు ఈటెను, నీళ్లబుడ్డిని మాత్రము తీసికొని వెళ్లిపోయాడు. మాక్బెత్ ఇంట డంకన్ రాజు కూడ నిద్రపోతూనే ఉన్నాడు. ఆయన బంధువు, ప్రభువు, పైగా ఆ రాత్రి అతిథి. ఈ మూడు సంగతులు మాక్బెత్ తన నోటనే చెప్పుకొని మరీ కత్తి పట్టాడు. తెలియక చేసిన ద్రోహము కాదది. మన సంఘ ఎన్నికల దినములలో కూడ, దేవుడు నాకీ స్థానము చూపించాడని చెప్పి, ఉన్నవారిని దింపుటకు రాత్రింబగళ్లు తిరుగువారిని మీరును చూచియుందురు. నేను వేరుగా చెప్పనక్కరలేదు.

హత్య జరిగిన గడియలో ప్రక్క గదిలో ఇద్దరు నిద్రలో మేల్కొని ప్రార్థన చేసికొన్నారు. వారితో ఆమేన్ అనబోయిన మాక్బెత్‌కు మాట గొంతులో ఆగిపోయింది. నాటకమంతటిలో నన్ను ఎక్కువగా భయపెట్టునది ఈ చోటే, రక్తము కాదు.

తరువాత భయమే ప్రభుత్వము చేసింది. ప్రతి ప్రభువు ఇంటిలోను జీతమిచ్చి ఒక వేగువానిని పెట్టాడు. మాక్డఫ్ ఇంగ్లాండు వెళ్లాడని విని అతని భార్యను, పిల్లలను చంపించాడు. స్త్రీకి పుట్టినవాడెవడును నీకు హాని చేయలేడు, బిర్నమ్ అడవి కదలి వచ్చువరకు నీకు ఓటమి లేదు అన్న క్రొత్త మాటలను పట్టుకొని కూర్చున్నాడు. సైనికులు కొమ్మలు నరికి పట్టుకొని రాగా అడవి కదలింది. మాక్డఫ్ తల్లి కడుపు కోసి తీయబడినవాడు.

చరిత్రలోని మాక్బెత్ వేరు. 1040లో డంకన్ యుద్ధములో పడ్డాడు. మాక్బెత్ 1057 వరకు ఏలాడు. కవికి ఆధారమైన హోలిన్షెడ్ గ్రంథములో బాంకో కూడ హత్యకు తోడ్పడినవాడు. అప్పటి రాజైన జేమ్స్ బాంకో వంశీయుడని ప్రతీతి గనుక కవి ఆయనను నిర్దోషిని చేశాడు. పూర్తిగా చేశాడా? మాక్బెత్‌తో పాటు ప్రవచనము విన్నవాడు ఆయన ఒక్కడే. నీవు మోసము చేసి సంపాదించితివేమోనని తనలో తాననుకొన్నాడు, ఎవరితోను అనలేదు. నీ సంతతి రాజులవుతారని ఆయనకును ఒక మాట దొరికియున్నది మరి. ఆ సాయంకాలము విందుకు తప్పక వస్తానని మాక్బెత్‌కు మాట ఇచ్చి, కుమారునితో గుర్రమెక్కాడు.