నూరేండ్ల బాల్యము: ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తొలినాళ్లు

మనుష్యునకు నూరేండ్లు పూర్ణాయువు. విశ్వవిద్యాలయమునకు నూరేండ్లు బాల్యము. ఐరోపాలోని బొలోనా, ఆక్స్‌ఫర్డు విద్యాలయములు ఎనిమిది శతాబ్దములను దాటినవి. మన దేశమున నవీన పద్ధతిపై వెలసిన కలకత్తా, బొంబాయి, మదరాసు విశ్వవిద్యాలయములు 1857లో పుట్టినవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926 ఏప్రిల్ 26న పుట్టినది. 2026తో దానికి నూరేండ్లు. ఇట్టి సందర్భములలో భవనములను లెక్కించుట, పట్టభద్రుల సంఖ్య చెప్పుట వాడుక. మేము నేడు ఆ లెక్కల జోలికి పోము. పెట్టిన నాడు సొంత గదియైనను లేని ఒక కార్యాలయము విశ్వవిద్యాలయముగా ఎట్లు మారినది, ఆ మార్పులో ఏమి సంపాదించినది, ఏమి పోగొట్టుకొన్నది, తెలుగువారికి ఇంకను ఏమి బాకీపడి యున్నది అను విషయములను శ్రోతలతో కలిసి ఆలోచింపవలెనని మా కోరిక.

ఆ రోజులలో తెలుగు జిల్లాలలో కళాశాలలు లేకపోలేదు. రాజమహేంద్రవరము, బందరు, విజయనగరము, కాకినాడ, గుంటూరు పట్టణములలో పేరుపొందిన కళాశాలలు ఉండెను. కాని అవి యన్నియు మదరాసు విశ్వవిద్యాలయము క్రిందివే. ఏమి చదువవలెనో నిర్ణయించునది మదరాసు, పరీక్షించునది మదరాసు, పట్టము కట్టునది మదరాసు. పై చదువు కోరిన తెలుగు పిల్లవాడు పెట్టె సర్దుకొని రైలెక్కవలసినదే. 1913లో బాపట్లలో సమావేశమైన ప్రథమాంధ్ర మహాసభ ప్రత్యేక రాష్ట్రపు కోరికను లోకమునకు చాటినది. రాష్ట్రము కావలెనన్న వారికి చదువుల కేంద్రము కూడ కావలెననుట సహజమే. 1916లో పడమట మైసూరు విశ్వవిద్యాలయము, 1918లో ఉత్తరమున హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినవి. ఉస్మానియాలో మొదటినుండియు ఉర్దూలోనే బోధన సాగెను. దేశభాషలో ఉన్నత విద్య అసాధ్యమన్న మాటకు మన ఇంటి ప్రక్కనే జవాబు లభించెను. ఈ నేపథ్యమున మదరాసు ప్రభుత్వములో విద్యామంత్రిగా నుండిన అన్నెపు పరశురామదాసు పాత్రో గారు ఆంధ్ర విశ్వవిద్యాలయపు బిల్లును శాసనమండలిలో ప్రవేశపెట్టి నెగ్గించిరి.

1926లో విశ్వవిద్యాలయము బెజవాడలో పని ప్రారంభించినది. పేరునకు విశ్వవిద్యాలయమే గాని, దానికి సొంత ఆచార్యులు లేరు, ప్రయోగశాల లేదు. కళాశాలలకు గుర్తింపు నొసగుట, పరీక్షలు జరుపుట, ఇవియే దాని విధులు. ఆ స్థితిలో దానికి ప్రథమోపాధ్యక్షులైనవారు కట్టమంచి రామలింగారెడ్డి గారు. కేంబ్రిడ్జిలో చదివి, ఆంగ్లవక్తృత్వమున ప్రఖ్యాతి గాంచి, తెలుగున ‘ముసలమ్మ మరణము’ అను కావ్యమును, ‘కవిత్వతత్త్వ విచారము’ అను విమర్శ గ్రంథమును వ్రాసిన ప్రజ్ఞాశాలి వారు. విశ్వవిద్యాలయమనక విశ్వకళాపరిషత్తను పేరు ప్రచారమునకు వచ్చుటలోనే వారి అభిరుచి కనబడును. విద్య యొక్కటియే కాదు, కళలన్నియు కూడి కొలువుతీరు సభ యని దాని భావము. ఉదయించు సూర్యుడు, పద్మము, సర్పములు గల చిహ్నము నేటికిని పట్టాలపై నిలిచియున్నది. చదివినది తేజోవంతము కావలెనను ఉపనిషద్వాక్యము దానికి ధ్యేయవాక్యము. చదువు కంఠస్థమైన చాలదు, వెలుగు కావలెనని తాత్పర్యము.

తొలినాటి కథయంతయు తీయనిది కాదు. విశ్వవిద్యాలయము ఎక్కడ నుండవలెనన్న ప్రశ్నపై ఆంధ్రులు తీవ్రముగ కలహించిరి. బెజవాడ నడుమనున్నదని కొందరు, రాజమహేంద్రవరము ఆదికవి నెలవని కొందరు, అనంతపురము వెనుకబడిన సీమకు ఊపిరి యగునని కొందరు, సముద్రతీరమున విశాఖపట్టణమే ఆరోగ్యప్రదమని కొందరు వాదించిరి. ఎవరి వాదమునందును సత్యము లేకపోలేదు. తుదకు 1930లో వాల్తేరు ఎత్తుగడ్డపై విశ్వవిద్యాలయము స్థిరపడెను. ఈ స్థిరత్వమునకు చెల్లించిన మూల్యము తక్కువ కాదు. రాయలసీమ జిల్లాల కళాశాలలు మరల మదరాసు విశ్వవిద్యాలయ పరిధిలోనికే పోయినవి. అనంతపురపు పిల్లవానికి వాల్తేరు కంటె మదరాసు దగ్గరయైన మాట నిజమే. కాని ‘ఆంధ్ర’ అను పేరు పెట్టుకొన్న సంస్థ సగము ఆంధ్రమునకు దూరమగుట ఎంతటి వెలితి! ఆ గాయము మానక పోవుట చేతనే 1937 నవంబరులో, మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి శ్రీబాగ్ భవనమున కుదిరిన ఒడంబడికలో విశ్వవిద్యాలయ ప్రశ్న చోటుచేసికొన్నది. అనంతపురమున కూడ ఒక విశ్వవిద్యాలయ కేంద్రము నెలకొల్పవలెనని అందు పెద్దలు అంగీకరించిరి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో వచ్చినది. అనంతపురమునకు సొంత విశ్వవిద్యాలయము శ్రీకృష్ణదేవరాయల పేరిట 1981లో గాని రాలేదు. ఒప్పుకొన్న మాట చెల్లుటకు ఎన్ని ఏండ్లు పట్టునో ఈ తేదీలే చెప్పుచున్నవి.

వాల్తేరు చేరిన ఆ 1930వ సంవత్సరముననే మరియొక ఘట్టము జరిగెను. దేశమున ఉప్పు సత్యాగ్రహము సాగుచుండెను. ప్రభుత్వము ప్రజలపై లాఠీ ఝళిపించుచుండెను. ఆ దమననీతికి నిరసనగా రామలింగారెడ్డి గారు ఉపాధ్యక్ష పదవికి రాజీనామా చేసిరి. నాలుగేండ్లు తాము పెంచిన శిశువు అప్పుడప్పుడే నడక నేర్చుచున్నది. విడిచిపోవుటకు మనసొప్పు సమయము కాదు. అయినను విడిచిరి. ఆ రాజీనామాను మేము విశ్వవిద్యాలయపు మొదటి పాఠముగా భావింతుము. పదవిని పట్టుకొని వ్రేలాడుట కంటె మానమును నిలుపుకొనుట మేలని ఏ పాఠ్యగ్రంథమును ఇంత సూటిగా బోధింపలేదు.

1931లో ఉపాధ్యక్షులుగా వచ్చినవారు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. 1936 వరకు ఐదేండ్లు వారు అక్కడ నుండిరి. పరీక్షలు జరుపు కార్యాలయము బోధించు విశ్వవిద్యాలయమైనది ఆ ఐదేండ్లలోనే. వారికి మనుష్యులను ఎన్నుకొను విద్య తెలియును. వయస్సును గాని, ప్రాంతమును గాని వారు చూడలేదు. వంగదేశమునుండి హుమాయూన్ కబీరు, హీరేంద్రనాథ ముఖర్జీ గారలను రప్పించిరి. ఇద్దరును ముప్పది ఏండ్లు నిండని యువకులు. తరువాతి కాలమున ఒకరు కేంద్రమంత్రిగా, ఒకరు పార్లమెంటులో ప్రతిపక్షపు మహావక్తగా ప్రసిద్ధులైరి. భౌతికశాస్త్రమునకు సూరి భగవంతము గారు వచ్చునప్పటికి వారి వయస్సు ఇరువది మూడేండ్లు మాత్రమే. రసాయనశాస్త్రమునకు టి. ఆర్. శేషాద్రి గారు 1933లో వచ్చిరి. పూలలో, ఆకులలో నుండు వర్ణద్రవ్యముల నిర్మాణమును శోధించి వారు వాల్తేరు పేరును విదేశీ పత్రికలలో నిలిపిరి; 1960లో లండను రాయల్ సొసైటీ సభ్యులైరి. తెలుగు శాఖను పింగళి లక్ష్మీకాంతము గారు తీర్చిదిద్దిరి. వారి పేరు తలచినప్పుడు మాకు ఒకింత గర్వము కలుగును. ఏలయన, తరగతి గదిలో దశాబ్దములు పాఠము చెప్పిన పిమ్మట వారు ఆకాశవాణి విజయవాడ కేంద్రమున ప్రసంగ కార్యక్రమములకు మార్గదర్శకులైరి. విశ్వవిద్యాలయపు గొంతు రేడియో ద్వారా ఇంటింటికిని వినబడిన ఘడియ అది.

ఆచార్యులున్న చాలదు, ధనము కావలెను. జయపుర సంస్థానాధీశులు విక్రమదేవవర్మ గారు ఏటేట లక్ష రూపాయల చొప్పున దానము నేర్పరచిరి. ఆ రోజులలో లక్ష యనగా ఒక కళాశాలను పోషింపగల మొత్తము. శాస్త్ర, సాంకేతిక కళాశాలకు వారి పేరే పెట్టబడినది. 1933లో రవీంద్రనాథ ఠాకూరు వాల్తేరునకు వచ్చి ‘మానవుడు’ అను విషయముపై ఉపన్యసించిరి. పుట్టి ఏడేండ్లయిన విద్యాలయము విశ్వకవికి ఆతిథ్యమిచ్చుటయే దాని ధైర్యమును తెలుపును.

రాధాకృష్ణన్ గారు 1936లో ఆక్స్‌ఫర్డునకు పోగా, రామలింగారెడ్డి గారు తిరిగి ఉపాధ్యక్షులై 1949 వరకు పదుమూడేండ్లు నడిపిరి. ఆ కాలమున వచ్చిన అగ్నిపరీక్ష యుద్ధము. 1942 ఏప్రిల్ 6న జపానువారి బాంబులు విశాఖపట్టణముపై పడెను. ఊరు ఖాళీ యయ్యెను. విశ్వవిద్యాలయపు భవనములు సైన్యమునకు పోయెను. విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలెను. గాజు నాళికలు, తుల్యయంత్రములు, పుస్తకములు పెట్టెలకెత్తి, అరువు తెచ్చుకొన్న గదులలో చదువు సాగించుట మాటలలో తేలిక; చేతలలో కష్టము. ఆ కష్టమున విశ్వవిద్యాలయమునకు ఒక సత్యము తెలిసివచ్చెను. భవనములు పోయినను విశ్వవిద్యాలయము పోదు. గురువును, శిష్యుడును కలిసియున్నంత కాలము అది యుండును. యుద్ధము ముగిసిన పిమ్మట అది తన కొండకు తిరిగి వచ్చెను. ఆ తరము విద్యార్థులలో గణితమున పట్టముపొంది 1941లో కలకత్తా చేరిన సి. ఆర్. రావు గారు సంఖ్యాశాస్త్రమున ప్రపంచాచార్యులైరి.

1949 నుండి 1961 వరకు ఉపాధ్యక్షులైన వి. ఎస్. కృష్ణ గారి కాలమున విద్యాలయము తన వాకిటనున్న సముద్రమువైపు చూడసాగినది. మహాదేవన్ గారు భూగర్భశాస్త్ర శాఖకు అధ్యక్షులు. అమెరికానుండి లాఫాండ్ గారను సముద్రశాస్త్రజ్ఞులు వచ్చి విద్యార్థులను పడవలపై సముద్రమునకు గొనిపోయిరి. అలలను, ప్రవాహములను, అడుగుననున్న మట్టిని కొలిచిరి. తీరమునకు ఆవల నీటి అడుగున లోయలు గుర్తింపబడినవి. వానికి ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అను పేర్లు పెట్టబడినవి. శిలాఫలకములపై చెక్కిన పేర్లు ఎండకు వానకు మాయును. సముద్రగర్భమున చేరిన ఈ పేర్లను మాత్రము ఏ వానయు తుడువజాలదు.

ఈ విద్యాలయపు సంప్రదాయములలో మాకు మిక్కిలి ప్రియమైనది ‘కళాప్రపూర్ణ’ బిరుదము. ఆంగ్లవిద్యలో పట్టములు లేని పండితులను కూడ పిలిచి, పెద్దపీట వేసి, తన అత్యున్నత గౌరవమును అర్పించుట దీని భావము. శతావధాని చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు, వ్యావహారిక భాషోద్యమమునకు ప్రాణముపోసిన గిడుగు రామమూర్తి గారు, పత్రికను ప్రచురణాలయమును నడిపి తెలుగువారి అల్మారాలు నింపిన నాగేశ్వరరావు పంతులు గారు ఈ గౌరవమును పొందిరి. తన గోడల వెలుపల కూడ విద్య కలదని ఒప్పుకొనుట విద్యాలయమునకు గొప్ప వినయము.

కాలక్రమమున బిడ్డలు పెరిగి వేరు కాపురములు పెట్టిరి. గుంటూరు సీమకు 1976లో నాగార్జున విశ్వవిద్యాలయము, గోదావరి సీమకు 2006లో నన్నయ పేరిట ఒకటి, 2008లో కృష్ణా, శ్రీకాకుళము జిల్లాలకు చెరియొకటి వచ్చినవి. పరిధి తగ్గినదని తల్లి చింతింపనక్కరలేదు. చదువు దగ్గరకు వచ్చినదని సంతోషింపవలెను. 1926లో స్థలమునకై కలహించిన వారి కోరికలన్నియు ఒక్కొక్కటిగా ఇట్లు తీరినవి.

తీరని కోరిక యొకటి మిగిలియున్నది. తెలుగువారి కొరకు పెట్టిన విద్యాలయములలో శాస్త్రము తెలుగున ఎంతవరకు పలుకుచున్నది? ఇది ఏ ఒక్క సంస్థ దోషమనియు మేము అనము. మా వృత్తిలో మాత్రము ఈ కొరత నిత్యము తగులుచుండును. వాయుగుండము ఎట్లు పుట్టునో, ఎందుకు దిక్కు మార్చునో శ్రోతలకు చెప్పువారి కొరకు వెదకుదుము. శాస్త్రము నెరిగినవారు తెలుగున రెండు వాక్యములు చెప్పుటకు తడబడుదురు. తెలుగు చక్కగ చెప్పగలవారు శాస్త్రము తమది కాదందురు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపై విరుచుకుపడి, విద్యాలయపు తోటలలోని మహావృక్షములను సైతము పెకలించెను. అట్టి రాత్రులలో విద్యుత్తు పోవును. చీకటిలో బ్యాటరీ రేడియో ప్రక్కన కూర్చున్న పల్లెకారునికి తెలియవలసినది ఆచార్యుని నోట నుండి తన భాషలో రావలెను. సముద్రమును కొలిచిన విద్యాలయము, ఆ సముద్రముపై బ్రతుకు వానితో మాటాడలేకపోయినచో కొలత సగమే పూర్తియైనట్లు.

పడిన చెట్ల స్థానమున మొక్కలు నాటవచ్చును. నూరేండ్ల విద్యాలయము నాటవలసిన మొక్క ఇది: ప్రతి శాస్త్రమునకు తెలుగున చెప్పగల ఒక గొంతు. రామలింగారెడ్డి గారు కేంబ్రిడ్జి చదువు చదివి తెలుగున విమర్శ వ్రాసిరి. లక్ష్మీకాంతము గారు తరగతి పాఠమును ఊరికి వినిపించిరి. దారి క్రొత్తది కాదు, తొలినాటివారు వేసినదే. బాల్యము గడిచి యౌవనమున అడుగిడు విశ్వకళాపరిషత్తు ఆ దారిని మరల త్రొక్కునని మేము ఆశింతుము.