నీటిలోని విషమునకు విద్యుత్తు సాక్ష్యము

ప్రయోగశాలలో పుట్టిన విద్య పల్లెలోని బావిగట్టునకు చేరినగాని దానికి సార్థక్యము లేదు.

సీసము, కాడ్మియము వంటి భారలోహములు నీట కరగియున్నను రంగు మారదు, వాసన రాదు, రుచియు చెడదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ త్రాగునీటికి విధించిన మితి లీటరునకు సీసము 10 మైక్రోగ్రాములు, కాడ్మియము 3. ఇంత స్వల్పమును పట్టగల యంత్రములు లేకపోలేదు. కాని అవి మిక్కిలి ఖరీదైనవి, ఉన్నచోటినుండి కదలనివి. 2020 డిసెంబరులో ఏలూరున వందలమంది మూర్ఛలతో పడిపోయినపుడు రోగుల రక్తనమూనాలు ఢిల్లీ ఎయిమ్స్‌కు వెళ్లినవి. వానిలో సీసము, నికెలు కనబడినవి. పురుగుమందుల ప్రసక్తియు వచ్చినది. అట్టి వేళ లోహమున్నదో లేదో ఊరిలోనే తేల్చు సాధన మెంత అవసరమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ సాధనమునకు మూలము పాతదే. 1922లో ప్రాగ్ నగరమున యారొస్లావ్ హైరోవ్‌స్కీ, బొట్టుబొట్టుగా రాలు పాదరసమునే ఎలక్ట్రోడుగా చేసి, పోలరోగ్రఫీకి పునాది వేసెను. 1959లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. ఆ వంశమున పుట్టిన నేటి విధానమిది: నీటిని ఎసిటేట్ బఫరుతో కలిపి, అందు ఎలక్ట్రోడును ముంచి, సుమారు 1.2 వోల్టుల ఋణవిభవమున రెండు నిమిషములు కలియబెట్టుచు నిలిపినచో, చెదరియున్న లోహ అయానులు ఎలక్ట్రాన్లను గ్రహించి దానిపై లోహముగా పేరుకొనును. పిమ్మట విభవమును ధనదిశకు జరుపుకొనిపోగా మొదట కాడ్మియము, తరువాత సీసము తిరిగి కరగుచు, ఒక్కొక్క విద్యుత్ప్రవాహశిఖరమును తెరపై లేపును. శిఖరము నిలిచిన చోటు లోహమేదో చెప్పును. దాని ఎత్తు ఆ లోహమెంతయో చెప్పును.

ఈ పనికి పాదరసముకంటె ఉత్తమమైనది లేకుండెను; కాని విషమును వెదకుటకు విషమునే వాడవలసివచ్చెను. 2000లో జోసెఫ్ వాంగ్ బృందము బిస్మత్ పొరతో ఆ చిక్కును విప్పినది. తరువాత వచ్చిన నానోపదార్థములు లోహము పేరుకొనుటకు చోటును, ఎలక్ట్రాన్లు నడచుటకు దారిని పెంచినవి: గ్రాఫీన్ పొరయో కర్బన నానోనాళికల వలయో పరచి, దానిపై బిస్మత్ కణములను నిలిపినచో, మధుమేహరోగులు ఇంట రక్తము చూచుకొను పట్టీ వంటి చిన్న పట్టీయే ఎలక్ట్రోడగును. ఆర్సెనిక్‌కు బంగారు నానోకణములు మేలు.

ఐతే శుద్ధజలమున గెలిచిన పట్టీ కాలువనీట ఓడవచ్చును. ఆకులలములు కుళ్లి పుట్టిన హ్యూమిక్ ఆమ్లములు సీసమును పట్టి దాచును, ఎలక్ట్రోడు ముఖమును కప్పును. రాగి అధికమైనచో బిస్మత్‌తో పోటీపడి సీసశిఖరమును కుంగదీయును. అపుడు విషమున్న నీరే నిర్దోషమని యోగ్యతాపత్రము పుచ్చుకొనును. తెలిసిన మోతాదు సీసమును అదే నీటికి చేర్చి శిఖర మెంత పెరిగెనో చూచుట ఒక రక్ష. కాని ముందే బంధింపబడిన సీసము దానికిని చిక్కదు గనుక, నీటిని ఆమ్లముతో పాకము చేసి, ఆ బంధమును విప్పియే కొలువవలెను.

కావున యువపరిశోధకులకు నా మనవి యొక్కటే: ఎంత సూక్ష్మమును పట్టితిమన్న అంకెతో తృప్తిపడక, బావినీటిని, చెరువునీటిని, కర్మాగారపు దిగువ వాగునీటిని తెచ్చి, మీ పట్టీ చెప్పిన దానిని పెద్దయంత్రము చెప్పిన దానితో సరిపోల్చి, పొసగని ఫలితములను సైతము దాచక ప్రకటింపుడు. ఆ పరీక్షకు నిలిచిన పట్టీనే పంచాయతీ చేతికిండు.