దొంగ కాపీకి పోటీ ఎవరు?

పట్టభద్రులారా, కంప్యూటర్ ప్రోగ్రాము దొంగ కాపీని తెలిసి వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు వేయవచ్చని 1994లోనే మన కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ చేర్చారు. ఇరవై ఏళ్లు దాటాక, 2017లో, దేశంలో వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో 56 శాతానికి లైసెన్సు లేదని బీఎస్‌ఏ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం లెక్కగట్టింది. అది ఆ కంపెనీల లెక్క, కాస్త తగ్గించి చూసినా సరే, భయపెట్టి ఈ అలవాటు మాన్పించలేకపోయామన్నది మాత్రం ఖాయం.

మరి మాన్పించేదేమిటో చూడాలంటే తెలుగు శుభలేఖనే తీసుకోండి. రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చి మనవాళ్లు స్థిరపడ్డ ఈ ఖరగ్‌పూర్‌లో తెలుగు పెళ్లి అంటే తెలుగు శుభలేఖ ఉండాల్సిందే. ఒకప్పుడు దానికి పేజీలు అమర్చే పేజ్‌మేకర్ ఒకటి, తెలుగు ఫాంటు ప్యాకేజీ ఒకటి కొనాలి. చిన్న డీటీపీ షాపుకు అది మోయలేని ఖర్చు, అందుకే సీడీలు చేతులు మారేవి. ఆ ఫాంట్లు అన్ని మిషన్లకూ ఉమ్మడి అయిన యూనికోడ్ పద్ధతివి కావు. ఫైలును మరో మిషన్‌లో తెరిస్తే పెళ్లికూతురి పేరున్న చోట అర్థంలేని గుర్తులు కనిపించేవి. చదవాలంటే అదే ఫాంటు కావాలి, అంటే ఇంకో కాపీ. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లను ఉచితంగా ఇచ్చారు. తర్వాత సిలికానాంధ్ర సంస్థ ‘మండలి’, ‘రామభద్ర’, ‘సురవరం’ వంటి ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసింది. వాటిని పంచుకోవడానికి, మార్చుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఫాంటు దొంగిలించాల్సిన అవసరమే అక్కడ పోయింది.

దొంగ కాపీ కూడా ఉచితమే కదా, ఇలా స్వేచ్ఛగా ఇచ్చే ఓపెన్ సోర్స్‌కు ఎవరు మారతారు అనవచ్చు. బలమైన అభ్యంతరమే. అందుకే దొంగ కాపీ వల్ల ఎక్కువ నష్టపోయేది ఓపెన్ సోర్సేనని నా నమ్మకం. ఎలాగూ దొంగిలిస్తారు గనక మాదే దొంగిలించనివ్వండి, అలవాటుపడ్డాక వసూలు సంగతి చూద్దాం అన్న అర్థంలో బిల్ గేట్స్ 1998లో మాట్లాడారు. పెద్ద కంపెనీకి కూడా అలవాటే పెట్టుబడి అన్నమాట. కేరళ ప్రభుత్వ బడులు ఇది గ్రహించి కంప్యూటర్ పాఠాలను లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీదే నేర్పుతున్నాయి. ఉచితంగా ఇస్తే బతుకెలా అంటే, లినక్స్‌కు సేవలందిస్తూ ఎదిగిన రెడ్ హ్యాట్‌ను ఐబీఎం 2019లో 3,400 కోట్ల డాలర్లకు కొన్నది.

లోపాలూ ఉన్నాయి, దాచను. అచ్చుపనిలో చేయితిరిగినవాళ్లకు పేజ్‌మేకర్ పనే చేసే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము స్క్రైబస్ మొదట్లో చికాకు పెడుతుంది. కానీ దాని కోడు తెరిచి ఉంది, మీకు కోడు చదవడం వచ్చు. పైగా 2020లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఆమోదించింది, ఇకపై ఇక్కడ తెలుగు కాగితాలు పెరగాలి. ఈ ఊళ్లో ఏదో ఒక డీటీపీ షాపుకు వెళ్లండి. ఒక్క మిషన్‌లో లినక్స్, స్క్రైబస్ ఎక్కించి వారం రోజులు పక్కన కూర్చోండి. ఎక్కడ ఒత్తు తప్పినా రాసుకుని, స్క్రైబస్ తయారుచేసేవాళ్లకు పంపండి.