గుమ్మడిపాదుకు పిందె నిలవాలంటే



ముక్త్యాల ప్రాంతంలో గుమ్మడిపాదు పెట్టినవారు ఒకనాడు తెల్లవారుతూనే పాదు దగ్గర కాసేపు కూర్చోండి. పూలు రెండు రకాలుగా కనబడతాయి. అడుగున బుల్లికాయ ఉన్నది ఆడపువ్వు; ఉత్త కాడ మీద నిలిచినది మగపువ్వు. దీని పుప్పొడి జిగట, గాలికి ఎగరదు. ఈగే మోసుకొని రావాలి. మధ్యాహ్నానికల్లా పువ్వు ముడుచుకుపోతుంది. ఆ పూట ఈగ రాకపోతే బుల్లికాయ పసుపుబారి రాలిపోతుంది. మనమేమో తెగులనుకొని మందు కొడతాము!

ప్రొద్దుతిరుగుడు వేసినవారికి ఈ సంగతి మరీ బాగా తెలుసు. తాలుగింజలు తగ్గడానికి పూత సమయంలో, ఉదయం పూట, పలుచని బట్టతో పువ్వును మెల్లగా రుద్దమని చెబుతారు గదా! అది ఈగ చేసే పనే. ఈగ కూలి అడగదు.

"నాది పత్తి, మిరప. నాకు ఈగతో ఏం పని?" అనవచ్చు మీరు. నిజమే, ఆ రెండూ చాలావరకు వాటంతటవే కాయ కట్టుకుంటాయి. వరికి ఈగ అక్కరే లేదు. కాని నందిగామ, జగ్గయ్యపేట మెట్టల్లో పత్తిచేను పక్కనే మరొకరి కూరపాదు ఉంటుంది. ఈగకు గట్లు తెలియవు. తేనె కోసం పత్తిపువ్వు మీదా వాలుతుంది. మీ చేలో మందు తగిలితే అవతలివాడి పాదుకు పిందె నిలవదు. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందు చావుకు చాలనంత తగిలినా, ఈగ ఇంటిదారి మరచిపోతుంది.

1991, 92 సంవత్సరాలలో దక్షిణాదిన ఒక వైరస్ తెగులు వచ్చి, పిల్లపురుగులు చచ్చి, మన నాటు తేనెటీగల పెట్టెలెన్నో ఖాళీ అయినవి. అది మన చేతిలో లేని ఆపద. మందు కొట్టే వేళ మన చేతిలోనిదే. పూత మీద ఉన్న చేనుకు తప్పనిసరి అయితేనే కొట్టండి. అదీ పొద్దుగూకి ఈగలు గూటికి చేరిన తరువాత. తేనెకోసం పట్టును దివిటీతో కాల్చకండి. తేనె ఉన్న భాగం కోసుకొని, పిల్లలున్న భాగం వదలండి. గట్టున కానుగ, వేప ఉంటే కొట్టివేయకండి.

చుట్టుపక్కల ఎవరైనా పెట్టెలు పెట్టి ఉంటే, మందు కొట్టబోయే ముందురోజే ఒక మాట చెప్పండి. ఆయన వాటిని మూసుకోవడమో, దూరంగా తరలించడమో చేసుకుంటాడు.