పదవి పోయినా బ్యాటు వదలని నాయుడుగారు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



నేను రైల్వేలో గుమాస్తాను. నా చదువు మెట్రిక్కుతో ఆగినది. సభలో మాట్లాడటం నాకు కొత్త. "నీకు క్రికెట్టు పిచ్చి గదా, దాని గురించే చెప్పు" అని సంఘమువారు ధైర్యమిచ్చారు. అందుచేత సి.కె. నాయుడుగారి సంగతి చెప్పుతాను.

కొఠారి కనకయ్య నాయుడుగారు 1895 అక్టోబరు 31న నాగపూరులో పుట్టారు. మనవలెనే మరాఠీవారి నడుమ స్థిరపడిన తెలుగు కుటుంబము. మన తాతలు మగ్గమును నమ్ముకొని షోలాపురం వచ్చారు, వారిది వకీళ్ళ ఇల్లు. అంతే భేదము. ఆ రోజులలో ఆటకు జీతమెక్కడిది? హోల్కరు మహారాజు 1923లో తన సైన్యములో కొలువిచ్చి ఇండోరుకు పిలిపించుకొన్నారు.

1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానమున ఇంగ్లండునుంచి వచ్చిన గిలిగన్ జట్టుపై రెండు గంటలలోపే 153 పరుగులు కొట్టారు. అందులో 11 సిక్సర్లు! 1932లో మన దేశము మొదటి టెస్టు లార్డ్స్‌లో ఆడినప్పుడు, జట్టు నాయకుడైన పోరుబందరు మహారాజు తాను తప్పుకొని నాయుడుగారికి చోటిచ్చారు. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినా ఆయనే మొదటి ఇన్నింగ్సులో అందరికన్న ఎక్కువగా 40 పరుగులు చేశారు.

నాలుగేళ్ళు తిరగకముందే గాలి మారింది. 1936లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు విజయనగరం మహారాజకుమారుని నాయకుని చేశారు. ఆయనా తెలుగువారే! ఆటలో నాయుడుగారికి ఆయన ఏ విధముగానూ సాటి కారు. జట్టు ముఠాలుగా చీలింది. ఉదయము ఫలహారము దగ్గర నాయుడుగారిని అవమానించినందుకే ఒక ఆటగానికి టెస్టులో చోటు దొరికిందని నేటికీ చెప్పుకొంటారు. నాయుడుగారిది కూడా కరకు స్వభావమే. తప్పంతా ఒక పక్షానిదే అని నేననను. కాని ఓవల్‌లో జరిగిన చివరి టెస్టులో అలెన్ బంతి గట్టిగా తగిలినా ఆయన నిలిచి 81 పరుగులు చేశారు. అప్పటికి నలభై ఏళ్ళు. అంతటితో ఆయన టెస్టులు ముగిశాయి. మొత్తము ఏడే.

మరొకరైతే ఆ కోపముతో ఇంట కూర్చొనేవారు. ఈయన హోల్కరు జట్టును పట్టుకొని కుర్రవాళ్ళను తీర్చిదిద్దారు. 1945-46 రంజీ ఫైనలులో బరోడాపై 200 పరుగులు చేసేనాటికి ఆయనకు యాభై ఏళ్ళు! యాభైఆరో ఏట ఫాడ్కర్ బంతి మూతికి తగిలి పళ్ళు ఊడితే, వాటిని పిచ్ మీదనుంచి బ్యాటుతో తోసివేసి మళ్ళీ ఆటకు నిలబడ్డారట. 1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీలో దిగినప్పుడు మన ఆంధ్ర తరఫున కూడా ఆడారు. 1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున చివరి రంజీ ఆడినప్పుడు వయస్సు అరవైయొకటి. చివరి ఇన్నింగ్సులో 52 పరుగులు. మా ఆఫీసులో అయితే అరవై నిండగానే పూలదండ వేసి పంపివేస్తారు.

ఇదంతా నాకు ఎందుకు గుర్తుకు వచ్చిందో చెప్పాలి. మా నాయనకు యాభైఎనిమిది. ముప్పైయైదేళ్ళు చద్దర్ల కార్ఖానాలో సాంచా నడిపాడు. మొన్న దసరాకు ముందు, తెగిన పోగు కళ్ళకు ఆనటం లేదని చెప్పి ఇంటికి పంపించారు. కొన్నాళ్ళు అరుగు మీదనే కూర్చున్నాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక రాత్రి నేను నాయుడుగారి కథ చెప్పితే చివరిదాకా విని, "అరవైయొకటింట కూడా ఆయనకు బంతి కనపడిందా?" అని అడిగాడు. "కనపడింది నాయనా" అన్నాను. మరునాడు మా వీధిలోని చిన్న కార్ఖానాకు వెళ్ళి కండెలు చుట్టే పని అడిగాడు. కూలి మునుపటిలో సగము కూడా లేదు. అయినా పొద్దున్నే తలకు రుమాలు చుట్టుకొని పోతున్నాడు.

ఈ మధ్యాహ్నము మైదానములో మన పిల్లల ఆట ఉన్నది. పట్టికలో యాభై దాటినవారి పేరు ఒక్కటీ లేదు. మా నాయన పేరు నేనే చివర వ్రాయించాను. సంఘమువారు దానిని కొట్టివేయవద్దని మనవి.