అర్జున నామస్మరణం – ఆశ్రయ ధర్మం

(ఆలయ ప్రాంగణంలో యాత్రికులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఉరుము వినిపించగానే "అర్జునా! ఫల్గుణా!" అని స్మరించడం తెలుగునాట తరతరాల ఆచారం. వజ్రాయుధం ఇంద్రునిది, అర్జునుడు ఇంద్రతనయుడు. కుమారుని పేరు విన్న తండ్రి శాంతిస్తాడని పెద్దల భావన. విరాటపర్వంలో ఉత్తరకుమారునికి నమ్మకం కలిగేటట్లు పార్థుడు స్వయంగా చెప్పిన పది నామాలలోనివి ఇవి. భయార్తమైన మనస్సుకు ఆ స్మరణ నిబ్బరాన్నిస్తుంది, సందేహం లేదు. అయితే ఆ స్మరణ ఎక్కడ నిలిచి చేయాలన్నదే నేడు నేను మనవి చేయదలచినది.

భాగవత దశమస్కంధంలోని గోవర్ధనోద్ధరణ ఘట్టం మీరెరిగినదే. ఇంద్రుడు కుపితుడై వ్రేపల్లెపై ఉరుములు, మెరుపులు, వడగండ్లతో కూడిన ఘోరవర్షం కురిపించాడు. గోపకులు శ్రీకృష్ణుని శరణు వేడారు. ఆరుబయటనే నిలిచి జపం చేయండని స్వామి వారిని ఆదేశించలేదు. కొండనెత్తి దాని క్రిందికి రమ్మన్నాడు. వారు ఆలుబిడ్డలతో, ఆలమందలతో ప్రవేశించి, ఏడు దినాల తరువాత ఆకాశం నిర్మలం కాగా, స్వామి చెప్పిన పిమ్మటనే వెలుపలికి వచ్చారు. ఇందులో మూడు ధర్మాలున్నాయి: వెంటనే ఆశ్రయం పొందడం, ఆపద పూర్తిగా తొలగేదాకా ఓర్చుకోవడం, తోడివారిని విడువకపోవడం.

మొదటిది ఆశ్రయం. చెట్టు వాననుండి కాపాడవచ్చునుగాని పిడుగునుండి కాపాడదు. చెట్టుపై పడిన విద్యుత్తు ప్రక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, నేలలోనూ వ్యాపిస్తుంది. స్తంభాలపై నిలిచిన తెరపి మండపం, రేకుల పందిరి, గుడారం కూడా అటువంటివే. గోడలు, పైకప్పు గల పక్కా కట్టడమే ఆశ్రయం. అది లేనిచోట అద్దాలు మూసిన కారు లేదా బస్సు. కోనేటిలో, నదిలో స్నానం చేసేవారు తొలి ఉరుముకే గట్టెక్కాలి. మెట్లదారిలో ఇనుప కడ్డీలను పట్టుకొనరాదు. కొండ కొమ్మున, బురుజులపైన నిలువరాదు. 2021 జూలైలో జయపురం వద్ద ఆమేర్ కోట సమీపాన గుట్టపైనున్న బురుజు మీద పిడుగుపడి పదిమందికి పైగా మరణించారు.

రెండవది ఓర్పు. మెరుపు కనిపించిన తరువాత ఉరుము మనను చేరడానికి కిలోమీటరుకు సుమారు మూడు సెకన్లు పడుతుంది. ముప్పది లెక్కించేలోగా ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉన్నదని గ్రహించాలి. అప్పటికి మన నెత్తిన చినుకు పడకపోవచ్చు, అయినా ప్రమాదమే. చివరి ఉరుము వినిపించిన పిమ్మట అరగంట గడిచేదాకా కదలరాదు. మెరుపుకు సంస్కృతంలో సౌదామిని అని పేరు. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ రూపొందించిన ఫోన్ యాప్ పేరు 'దామిని'. పరిసరాలలో పిడుగుల ప్రమాదాన్ని అది ముందుగా తెలుపుతుంది. యాత్రకు బయలుదేరే ప్రతి బృందంలో ఒక్కరి ఫోనులోనైనా అది ఉండటం మేలు.

మూడవది తోడివారి రక్ష. పిడుగు తగిలినవారిని తాకితే మనకూ విద్యుత్తు సోకుతుందనడం అపోహ. వారి దేహంలో అది నిలిచి ఉండదు. దైవాగ్రహానికి గురియైనవారని దూరం జరగడం అధర్మం. కొన్ని ప్రాంతాలలో బాధితులను పేడలో పూడ్చే అలవాటు ఉన్నది. దాని వలన ప్రాణం నిలిపే అమూల్య క్షణాలు వ్యర్థమవుతాయి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. స్పృహ, శ్వాస లేకుంటే, మనకు పిడుగు ముప్పు లేకుండా చూసుకొని, రొమ్ము మధ్య రెండు చేతులతో వేగంగా, బలంగా అదుముతూ ఉండాలి. గుండె ఆగినట్లున్నవారు కూడా ఈ విధంగా బ్రతికిన సందర్భాలున్నాయి.

ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది అసువులు బాసారు. వీరిలో పొలంలోని రైతులు, కూలీలు, పశుల కాపరులు ఎందరో! దాతలకు నా విన్నపం ఒక్కటి. మీరు కట్టించే వసతి గృహాలకు, విశ్రాంతి మందిరాలకు లైట్నింగ్ అరెస్టర్ అనబడే లోహపు కడ్డీని, దానికి తగిన ఎర్తింగును నిపుణులచేత అమర్పించండి. అన్నదానం వలెనే అభయదానమూ మహాపుణ్యమే.

అరగంట ఆలస్యమైనందున స్వామి దర్శన ఫలానికి లోటు రాదు. దేహం దేవాలయమని నమ్మేవారికి దానిని కాపాడుకోవడమూ ఆరాధనయే. ఉరిమినప్పుడు లోపలికి రండి. వచ్చి, అర్జున నామాలు స్మరించండి.

శుభమస్తు.